ముఖానికి పూసే ముందు... డబ్బా వెనక్కి తిప్పండి!

షాంటిలీ (వర్జీనియా): శనివారం సాయంత్రం రూట్ 50 మీదో, రూట్ 28 మీదో ఉన్న ఏ దేశీ దుకాణంలోకి వెళ్లినా మనవాళ్లే కనిపిస్తారు. గోంగూర కట్టలు, దోసకాయలు, బియ్యం బస్తా బండిలో వేసుకున్నాక కాళ్లు తెలియకుండానే ఇంకో అర దగ్గర ఆగిపోతాయి. కాటుక డబ్బీలు, కుంకుమ పొట్లాలు, గోరింటాకు కోన్లు, షీకాయ పొడి, తలనూనెలు, 'వారం రోజుల్లో తెల్లదనం' అని ఊరించే క్రీములు... అన్నీ అక్కడే! అక్కడి నుంచి నాలుగడుగులేసి పెద్ద అమెరికన్ స్టోర్‌లోకి వెళ్తే మరో లోకం. 'నేచురల్', 'హెర్బల్', 'వీగన్', 'క్రూయెల్టీ ఫ్రీ' అంటూ ఆకుపచ్చ అక్షరాలు, ఎగిరే కుందేలు బొమ్మలు.

ఇంతకీ వీటిలో దేన్ని నమ్మాలి? ఆకు బొమ్మ ఉంటే అది ఆకుతో చేసినట్టేనా? కుందేలు బొమ్మ ఉంటే కుందేలు క్షేమంగా ఉన్నట్టేనా? దేశం నుంచి వచ్చిందంటే మంచిదేనా? ఏదో ఒకటి, అంతా పైపూతే కదా అని కొట్టిపారేసే సంగతి కాదిది. మనం రోజూ చర్మానికి రాసుకునేది, పసిపిల్లల కళ్లకు పెట్టేది, నుదుట దిద్దుకునేది. అందుకే మేము ఈసారి ఈ అర ముందు కాసేపు ఆగి, ఒక్కో డబ్బానూ వెనక్కి తిప్పి చూద్దామనుకున్నాం. మూడే ప్రశ్నలు. ఇది మన ఒంటికి మంచిదా? దీనికోసం మూగజీవాన్ని బాధపెట్టారా? దీని వెనక పనిచేసిన చేతులకు న్యాయం జరిగిందా?

కుందేలు బొమ్మ వెనక కథ

మందుల మీద, క్రీముల మీద ప్రయోగాలకు కుందేళ్లనే ఎందుకు వాడేవారు? 1944లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) శాస్త్రవేత్త జాన్ డ్రెయిజ్ ఒక పరీక్షను ప్రవేశపెట్టాడు. కుందేలు కంట్లో పరీక్షించాల్సిన పదార్థాన్ని వేసి, అది ఎర్రబడుతుందా, పుండు పడుతుందా అని రోజుల తరబడి చూడటమే ఆ పరీక్ష. షాంపూలు, మస్కారాలు దశాబ్దాలపాటు ఈ దారినే బజారుకు వచ్చాయి. ఒక అలంకరణ వస్తువు కోసం ఇంత హింస అవసరమా అన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

ఈ విషయంలో మన దేశం వెనకబడలేదు సరికదా, అమెరికా కన్నా ముందుంది! సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని భారత్ 2014లో నిషేధించింది. అదే ఏడాది చివర్లో, బయటి దేశాల్లో అలా పరీక్షించిన వాటిని దిగుమతి చేసుకోవడాన్నీ ఆపేసింది. యూరోపియన్ యూనియన్ 2013 మార్చి నాటికే అమ్మకాలతో సహా పూర్తి నిషేధం తెచ్చింది. అమెరికాలో మాత్రం దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. రాష్ట్రాలే ఒక్కొక్కటిగా ముందుకొచ్చాయి. కాలిఫోర్నియా, నెవాడా, ఇల్లినాయిల తరువాత నాలుగో రాష్ట్రం ఏదో తెలుసా? మన వర్జీనియానే!

2021లో వర్జీనియా శాసనసభ 'హ్యూమేన్ కాస్మెటిక్స్ యాక్ట్'ను ఆమోదించింది. సెనేట్‌లో దీన్ని ప్రతిపాదించింది షాంటిలీకి కూతవేటు దూరంలోని హెర్న్‌డన్‌కు చెందిన సెనేటర్ జెనిఫర్ బొయ్‌స్కో. 2022 జనవరి 1 నుంచి రాష్ట్రంలో సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలు కూడదు. ఆ తేదీ తరువాత అలా పరీక్షించిన వాటి అమ్మకం 2022 జులై 1 నుంచి నిషేధం. పక్కనున్న మేరీల్యాండ్ కూడా 2021లోనే చట్టం చేసింది. అయితే చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. అంతకు ముందు పరీక్షించినవి అమ్ముకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పొట్లాల సంగతి సరేసరి. కాబట్టి మన జాగ్రత్త మనకు ఉండాల్సిందే.

ఇక డబ్బా మీది కుందేలు సంగతి. 'క్రూయెల్టీ ఫ్రీ' అనే మాటకు అమెరికా చట్టంలో నిర్వచనం లేదు. ఏ కంపెనీ అయినా రాసుకోవచ్చు, తనకు తోచిన కుందేలు బొమ్మను వేసుకోవచ్చు. నమ్మదగినవి ప్రధానంగా రెండు. ఒకటి 'లీపింగ్ బన్నీ'. జంతు సంరక్షణ సంఘాలు కొన్ని కలిసి 1996లో ఏర్పరచిన కూటమి ఇచ్చే గుర్తు ఇది. కంపెనీతో పాటు దానికి ముడిసరుకు అమ్మేవాళ్లు కూడా పరీక్షలు చేయకూడదు, తనిఖీలకు ఒప్పుకోవాలి. రెండోది 'పెటా' ఇచ్చే గుర్తు. ఈ సంస్థ కేంద్ర కార్యాలయం కూడా వర్జీనియాలోనే, నార్‌ఫోక్‌లో ఉంది. కంపెనీలు రాతపూర్వకంగా ఇచ్చే హామీ దీనికి ఆధారం. రెండు సంస్థల జాబితాలూ ఉచితంగా దొరుకుతాయి. దుకాణంలో నిలబడి ఫోన్‌లో పేరు కొట్టి చూసుకోవడం ఒక్క నిమిషం పని.

ఇంకో చిక్కు ఉంది. 'క్రూయెల్టీ ఫ్రీ' వేరు, 'వీగన్' వేరు. జంతువుల మీద పరీక్షించకపోయినా అందులో జంతువుల కొవ్వు ఉండొచ్చు. శాకాహారులు, ఉపవాసాలు ఉండేవాళ్లు, మడి పాటించేవాళ్లు ఇది గమనించాలి. సబ్బు అట్ట మీద 'సోడియం టాలోవేట్' అని ఉంటే అది పశువుల కొవ్వుతో చేసిన సబ్బు. 'కార్మైన్' అంటే ఒక రకం పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. లిప్‌స్టిక్‌లలో తరచూ ఉంటుంది. 2011 నుంచి అమెరికాలో దీన్ని పేరు పెట్టి లేబుల్ మీద రాయడం తప్పనిసరి చేశారు. 'లానోలిన్' గొర్రె ఉన్ని నుంచి వచ్చే జిడ్డు, 'బీస్‌వాక్స్' తేనెటీగల మైనం. 'స్టియరిక్ యాసిడ్' అయితే కొవ్వు నుంచీ రావచ్చు, తాటిజాతి నూనెల నుంచీ రావచ్చు. అనుమానం ఉంటే వీగన్ గుర్తు చూసుకోవడమే మార్గం.

'నేచురల్' అంటే ఏమిటి?

సూటిగా చెప్పాలంటే... ఏమీ కాదు! సౌందర్య సాధనాల విషయంలో 'నేచురల్' అనే మాటకు ఎఫ్‌డీఏ నిర్వచనం ఏదీ ఇవ్వలేదు. 'హైపో అలర్జెనిక్' అన్నా అంతే. దద్దుర్లు రావని హామీ ఏమీ లేదు. 'కెమికల్ ఫ్రీ' అన్నది మరీ విడ్డూరం. నీళ్లు కూడా రసాయనమే కదా!

కొంత నియమం ఉన్న మాట ఒక్కటే... 'ఆర్గానిక్'. అదీ అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) గుండ్రటి ముద్ర ఉంటేనే. ఆ ముద్ర వేయాలంటే నీళ్లు, ఉప్పు మినహాయించి కనీసం 95 శాతం సేంద్రియ పద్ధతిలో పండించినవే ఉండాలి. 70 శాతం ఉంటే 'మేడ్ విత్ ఆర్గానిక్' అని రాసుకోవచ్చు కానీ ముద్ర వేయకూడదు. అలాగని సేంద్రియమైనంత మాత్రాన చర్మానికి పడుతుందనీ కాదు. ఈ రాష్ట్రంలో ఇంటి వెనక చెట్లలోకి వెళ్లిన ప్రతి ఒక్కరికీ 'పాయిజన్ ఐవీ' సంగతి తెలుసు. అది నూటికి నూరుపాళ్లు ప్రకృతి సిద్ధమైన ఆకే! తాకితే వారం రోజులు గోక్కోవాల్సిందే.

మన వంటింటి చిట్కాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలు, నల్ల మచ్చలు వస్తాయి. సున్నిపిండిలో కలిపే బావంచాల్లోనూ ఎండకు చర్మాన్ని సున్నితం చేసే గుణం ఉంది. నలుగు పెట్టుకుని వెంటనే బీచ్‌కి బయలుదేరితే చర్మం కమిలిపోవచ్చు. అమ్మమ్మలు నలుగు పెట్టి తలంటు పోశాక నీడపట్టునే ఉండమనేవారు. అది ఉత్త చాదస్తం అనుకోవడానికి లేదు.

కాటుక, కుంకుమ: ఇక్కడే అసలు భయం

అందం సంగతి అటుంచి ప్రాణం మీదికి తెచ్చే విషయం ఇది. పిల్లలున్న ప్రతి తెలుగింటివాళ్లూ శ్రద్ధగా చదవాలి.

సుర్మా, కోహ్ల్, కాజల్ పేర్లతో దొరికే కొన్ని సంప్రదాయ కాటుకల్లో సీసం ఎక్కువగా ఉంటుంది. నూరిన సీసపు ఖనిజంతో వాటిని తయారుచేయడమే కారణం. కోహ్ల్‌ను రంగు పదార్థంగా ఎఫ్‌డీఏ అనుమతించలేదు. అంటే అమెరికాలో అది అమ్మడానికి వీల్లేని సరుకు. ఇక్కడి పెద్ద కంపెనీలు కేవలం నల్లరంగు అని చెప్పడానికి 'కోహ్ల్' అనే పేరు వాడుతుంటాయి. వాటిలో అసలు కోహ్ల్ ఉండదు. పేరొక్కటే చూసి భయపడక్కర్లేదు, పేరొక్కటే చూసి నమ్మనూ అక్కర్లేదు. వెనక పదార్థాల జాబితా లేని డబ్బీ అయితే మాత్రం కొనకండి.

మరి ఇంట్లో ఆముదం దీపం మీద పట్టిన మసితో చేసిన కాటుక? అందులో సీసపు ఖనిజం ఉండదు, నిజమే. కానీ పసిపిల్లల కంటి లోపలి అంచున వేలితో ఏది రాసినా ఇన్‌ఫెక్షన్ ప్రమాదమేనని పిల్లల వైద్యులు చెబుతున్నారు. దిష్టి తగలకూడదనుకుంటే బుగ్గన చుక్క మాటేమిటని అడుగుతారా? పాపాయి చెయ్యి బుగ్గ మీదికి, అక్కడి నుంచి నోట్లోకి పోవడానికి ఎంతసేపు! కాబట్టి ఆ చుక్క అరికాలికి మార్చండి. దానికి సాక్సు తొడగండి. దిష్టికి అడ్రసు మారినా పర్వాలేదు లెండి!

కుంకుమ సంగతి ఇంకా విచారకరం. 2017లో న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సిందూరం నమూనాలు 118 సేకరించారు. వాటిలో 95 న్యూజెర్సీ దుకాణాల్లో కొన్నవి, మిగతా 23 ముంబయి, ఢిల్లీల్లో కొన్నవి. దాదాపు 80 శాతం నమూనాల్లో గ్రాముకు కనీసం ఒక మైక్రోగ్రాము సీసం బయటపడింది. కొన్నింట్లో ఎఫ్‌డీఏ రంగు పదార్థాలకు పెట్టిన 20 పీపీఎం పరిమితిని కూడా దాటింది. సీసానికి 'ఇంతవరకు ఫర్వాలేదు' అనే సురక్షిత స్థాయి అంటూ ఏదీ లేదు. అది పిల్లల మెదడు ఎదుగుదలను, చదువును, నడవడికను దెబ్బతీస్తుంది. పైకి ఏ లక్షణమూ కనిపించదు కూడా.

పాత పద్ధతి కుంకుమకి మూలం పసుపు. పసుపుకి సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. హారతి పళ్లెంలో మనం చేసే ఎర్రనీళ్ల కిటుకు అదే! ఇప్పుడు బజారులో దొరికే భగభగలాడే ఎరుపు చాలావరకు రసాయన రంగు. పూజకు వాడే పొడి వేరు, నుదుట పెట్టుకునేది వేరు అని రెండు డబ్బాలు పెట్టుకోండి. పేరు, చిరునామా, పదార్థాలు రాసి ఉన్న పసుపు కుంకుమనే నుదుటికి వాడండి. పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. వంటింటి పోపుల డబ్బా పక్కన మాత్రం వద్దు. కుంకుమ, సిందూరం ఎప్పుడూ తినే వస్తువులు కావు.

ఇంట్లో ఇన్నాళ్లూ వాడేశాం, ఇప్పుడెలా అని కంగారు పడొద్దు. పిల్లల డాక్టరును 'లెడ్ టెస్ట్ చేయండి' అని అడగండి. చిన్న రక్తపరీక్షతో తేలిపోతుంది. డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్త పడాల్సిన స్థాయి అని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) 2021లో నిర్ణయించింది. డాక్టరుకు కాటుక, కుంకుమ, దేశం నుంచి తెచ్చిన లేహ్యాలు, భస్మాల గురించి దాచకుండా చెప్పండి. వాళ్లకు మన ఇళ్ల సంగతులు తెలియవు, మనం చెబితేనే తెలుస్తాయి.

తెల్లదనం మోజు... పాదరసం గోజు

తెల్లబడాలన్న ఆశ మనవాళ్లను సముద్రాలు దాటినా వదలడం లేదు. 'ఫెయిర్ అండ్ లవ్‌లీ' 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో అండ్ లవ్‌లీ'గా మారింది. పేర్లు మారాయి కానీ మోజు మారిందా? లేబుల్ లేని చిన్న డబ్బాల్లో, ఆన్‌లైన్‌లో, తెలిసినవాళ్ల చేతుల మీదుగా వచ్చే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటోంది.

ఎఫ్‌డీఏ నిబంధన ప్రకారం చర్మపు క్రీముల్లో పాదరసం కలపకూడదు. లేబుల్ మీద 'మెర్క్యూరస్ క్లోరైడ్', 'కాలొమెల్', 'మెర్క్యూరిక్', 'మెర్క్యూరియో' అన్న మాటల్లో ఏది కనిపించినా అక్కడే పెట్టేసి రావాలి. ఈ క్రీము రాసుకున్నవాళ్లకే కాదు, ఇంట్లో అందరికీ ప్రమాదమే. ఆవిరి పీల్చినా, అదే తువ్వాలు వాడినా, తల్లి చెంపకు పసిబిడ్డ చెంప ఆనినా ఒంట్లో చేరుతుంది. చేతులు వణకడం, చిరాకు, మతిమరుపు, తిమ్మిర్లు దాని లక్షణాలు.

ఇదేదో పుస్తకాల భయం కాదు. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్ వైద్యులు 2021-23 మధ్య తమ దగ్గరికి వచ్చిన ఒక రకం మూత్రపిండాల జబ్బు రోగులను ఆరా తీశారు. ప్రత్యేక లక్షణం కనిపించిన 15 మందిలో 13 మంది తెల్లదనం క్రీములు వాడినవాళ్లే! క్రీము మానేశాక చాలామందికి నయమైంది. తెల్లబడదామని రాసుకున్న క్రీము కిడ్నీల దాకా వెళ్లిందన్నమాట.

'హైడ్రోక్వినోన్' సంగతి కూడా తెలుసుకోవాలి. 2020లో వచ్చిన చట్టం తరువాత ఇది అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. అయినా కొన్ని దుకాణాల్లో కనిపిస్తూనే ఉంటుంది. మంగు మచ్చలున్నవాళ్లు చర్మవైద్యుణ్ని కలవండి. ఇన్సూరెన్స్ కోపే ఎంతవుతుందో అని వెనకాడి ఇలాంటి డబ్బా కొంటే, తరువాత అయ్యే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు.

నల్ల గోరింటాకు వద్దే వద్దు

ఆషాఢం వచ్చిందంటే షాంటిలీ, సౌత్ రైడింగ్, యాష్‌బర్న్ ఇళ్లలో గోరింటాకు ముచ్చట్లే. రాజధాని మందిరంలో పండగ రోజున ఆడపిల్లల చేతులు చూడముచ్చటగా ఉంటాయి. అసలు గోరింటాకు పండాలంటే గంటలు పడుతుంది. మొదట నారింజ రంగు, మర్నాటికి ఎరుపు, ఆ తరువాత గోధుమ రంగు. అరగంటలో నల్లగా పండిందంటే అది గోరింటాకు కానే కాదు!

'బ్లాక్ హెన్నా'లో కలిపేది సాధారణంగా 'పీపీడీ' అనే జుట్టు రంగు పదార్థం. దీన్ని చర్మానికి రాయడాన్ని ఎఫ్‌డీఏ అనుమతించదు. రాసిన చోట ముగ్గు ఆకారంలోనే బొబ్బలు లేచి, మచ్చలు మిగిలిన పిల్లలెందరో ఉన్నారు. ఒకసారి పడకపోతే జీవితాంతం జుట్టు రంగు కూడా వేసుకోలేని అలర్జీ అంటుకోవచ్చు.

ఈ పీపీడీకి పాత చరిత్ర ఉంది. 1930ల్లో అమెరికాలో 'లాష్ లూర్' అనే కనురెప్పల రంగు అమ్మేవారు. అది వాడి కొందరు ఆడవాళ్లు చూపు పోగొట్టుకున్నారు. అందులో ఉన్నది ఈ పదార్థమే. అప్పటికి సౌందర్య సాధనాలపై దేశంలో చట్టమే లేదు. ఆ గొడవ తరువాతే 1938లో ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం వచ్చింది. ఆ మాటకొస్తే, మామూలు గోరింటాకును కూడా ఎఫ్‌డీఏ జుట్టుకు మాత్రమే అనుమతించింది, చర్మానికి కాదు. అలాగని పండగ మానుకోమని మేము చెప్పడం లేదు. ఆకు దొరికితే రుబ్బుకోండి. లేదా పదార్థం ఒక్కటే, 'లాసోనియా ఇనర్మిస్' అని రాసి ఉన్న పొడి కొని ఇంట్లో తడుపుకోండి. నెలల తరబడి అరలో చెడకుండా ఉన్న కోనులో ఏం కలిపారో ఆలోచించండి. ఒక జాగ్రత్త... 'జీ6పీడీ' లోపం ఉన్న పిల్లలకు అసలు గోరింటాకు కూడా ప్రమాదమే. రక్తకణాలు దెబ్బతింటాయి. పసిబిడ్డలకు పెట్టకపోవడమే క్షేమం.

మెరుపు వెనక చీకటి

ఇక మూడో ప్రశ్న. ఐషాడోలో, లిప్‌స్టిక్‌లో తళుక్కుమనే మెరుపు ఎక్కడిది? చాలావరకు అభ్రకం. అదే మైకా. నెల్లూరు సీమలోని గూడూరు పేరు చెబితే పెద్దవాళ్లకు వెంటనే అభ్రకం గనులే గుర్తుకొస్తాయి. ఇప్పుడు సౌందర్య సాధనాల మైకాకు పెద్ద ఆధారం జార్ఖండ్, బిహార్ అడవుల్లోని గనులు. అక్కడ అనుమతి లేని గుంతల్లోకి పసిపిల్లలు దిగి చిన్న చిన్న పలుకులు ఏరుతుంటారు. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ పరిశోధన ఆ గనుల్లో రెండు నెలల్లో ఏడుగురు పిల్లలు చనిపోయారని బయటపెట్టింది. ఆ మరణాలను ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ మరుసటి ఏడాదే కంపెనీలు, సంస్థలు కలిసి 'రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్' ప్రారంభించాయి. కొన్ని కంపెనీలు ప్రయోగశాలలో చేసిన కృత్రిమ మైకాకు మారాయి. లేబుల్ మీద 'సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్' అని ఉంటే అదే. ఈ ఒక్కచోట 'సహజం' కన్నా 'కృత్రిమం' పుణ్యమన్నమాట!

సబ్బుల్లో, షాంపూల్లో వాడే పామాయిల్ మరో సంగతి. ఆగ్నేయాసియాలో దీనికోసం అడవులు నరికేస్తున్నారన్న ఆందోళనతో 2004లో 'ఆర్‌ఎస్‌పీవో' అనే ధ్రువీకరణ సంస్థ ఏర్పడింది. మన దేశంలో పామాయిల్ తోటలు అన్నిటికన్నా ఎక్కువ రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. ఏలూరు దగ్గర పెదవేగిలో దీనికి జాతీయ పరిశోధన సంస్థే ఉంది. కనుక పామాయిల్ అనగానే మొహం చిట్లించక్కర్లేదు. ఎక్కడిది, ఏ భూమిలోది అన్నదే ప్రశ్న.

కుంకుళ్లు, షీకాయ, తేనె సేకరించే గిరిజనుల కథ మన సొంతం. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) మధ్యదళారీల బెడద తప్పించడానికే పుట్టింది. దాని దుకాణాల్లో షీకాయ, కుంకుడు పొడులు, సబ్బులు దొరుకుతాయి. ఈసారి విశాఖ వైపు వెళ్లినప్పుడు మర్చిపోకండి.

పసుపు కథ కూడా ఒకటి చెప్పుకోవాలి. పుండ్లకు పసుపు రాయడం తమ కొత్త ఆవిష్కరణ అంటూ 1995లో అమెరికాలో పేటెంటు పొందారు! మన సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాల ఆధారాలతో సవాలు చేస్తే 1997లో రద్దయింది. ఆ పేటెంటు కార్యాలయం ఎక్కడో కాదు, ఇప్పుడు షాంటిలీకి గంట దూరం కూడా లేని అలెగ్జాండ్రియాలో ఉంది. ఆ పక్కగా కారులో వెళ్లేటప్పుడు పిల్లలకు చెప్పండి, పసుపు గెలిచింది ఈ ఆఫీసులోనే అని.

పార్లర్లలో పనిచేసే మన ఆడపడుచుల ఆరోగ్యం కూడా ఈ లెక్కలోదే. జుట్టు నిటారుగా చేసే కొన్ని ద్రావణాలను వేడిచేస్తే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుందని కార్మిక భద్రత సంస్థ (ఓషా) 2011లోనే హెచ్చరించింది. కస్టమరు ఏడాదికోసారి పీలిస్తే పనిచేసే అమ్మాయి రోజూ పీలుస్తుంది. గాలి ఆడే గది, చేతులకు తొడుగులు, ఏ సీసాలో ఏముందో చెప్పే కాగితం... ఇవి అడగడం మీ హక్కు. మొహమాటపడొద్దు.

లేబుల్ ఇలా చదవండి

* పదార్థాల్ని ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత రాయాలన్నది నిబంధన. 'కలబంద క్రీము'లో కలబంద చిట్టచివర ఉందంటే మీరు కొన్నది పేరునే! ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు.

* 'ఫ్రాగ్రెన్స్' అన్న ఒక్క మాట చాటున ఎన్నో పదార్థాలు దాక్కోవచ్చు. చర్మం సున్నితంగా ఉన్నవాళ్లు 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' ఎంచుకోవాలి. 'అన్‌సెంటెడ్' అంటే వాసన తెలియకుండా మరో వాసన కలిపి ఉండొచ్చు.

* ఫిర్యాదుకు అమెరికాలోని చిరునామా, ఫోను, లేదా వెబ్‌సైట్ ఉందా చూడండి. 2022 డిసెంబరు 29న సంతకమైన కొత్త చట్టం 'మోక్రా' దీన్ని తప్పనిసరి చేసింది. 1938 తరువాత ఈ రంగంలో వచ్చిన పెద్ద మార్పు ఇదే. తీవ్రమైన హాని జరిగిందని తెలిస్తే కంపెనీ 15 పనిదినాల్లో ఎఫ్‌డీఏకి చెప్పాలి. ప్రమాదకరమైన సరుకును వెనక్కి తీసుకొమ్మని ఆదేశించే అధికారం కూడా ఎఫ్‌డీఏకి ఈ చట్టంతోనే వచ్చింది.

* కొత్తది ఏది కొన్నా మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు ఆగండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి.

* లేబుల్ లేని డబ్బా... ఎవరు ఇచ్చినా, ఎంత చవకైనా వద్దు.

ఇంటి సరుకు, మంచి సరుకు

ఇంత చదివాక ఏదీ కొనబుద్ధి కావడం లేదా? బెంగపడకండి. పెసరపిండి, సెనగపిండి దేశీ దుకాణంలో ఎప్పుడూ ఉంటాయి. కాస్త పసుపు కలిపితే రోజువారీ ముఖానికి అదే చాలు. కుంకుళ్లలో నురగనిచ్చే సపోనిన్లు ప్రకృతి ఇచ్చినవే. కంట్లో పడితే మాత్రం మంట మంటే, చిన్నప్పుడు మనందరం ఏడ్చినవాళ్లమే! వర్జీనియా చలికాలంలో హీటరు గాలికి చర్మం పగిలితే స్నానం కాగానే తడి మీద కొబ్బరినూనె రాసుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. ఒక్క నియమం... పొడులు పొడిగానే దాచాలి. నీళ్లు కలిపిన ముద్ద ఆ పూటే వాడేయాలి. నిల్వ పదార్థం లేని ఏ తడి వస్తువైనా త్వరగా బూజు పడుతుంది. ఇంట్లో చేసి వాట్సాప్‌లో అమ్మే లేపనాలు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఇంట్లో చేసింది అన్న మాటే హామీ కాదు.

దేశం నుంచి వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చిన పొట్లాలు తెచ్చుకోవాలనుకుంటే, ఎండు కాయలు, గింజలు, ఆకులు ఏవున్నా డల్లస్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి ముందే చెప్పేయండి. చెప్పకపోతే జరిమానా, చెబితే మహా అయితే తీసుకుంటారు. నూనెలు చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు మించకూడదు, పెద్ద సీసాలు లగేజీలో వేయండి.

ఏదైనా వాడాక ఒళ్లు దద్దుర్లెక్కితే ఆపేసి, డబ్బా పారేయకుండా దాచండి. డాక్టరుకు అదే చూపించాలి. ఎఫ్‌డీఏ 'మెడ్‌వాచ్' ద్వారా ఫిర్యాదు చేయండి. పిల్లలు నోట్లో పెట్టుకుంటే 1-800-222-1222 నంబరుకు ఫోన్ చేయొచ్చు. దేశమంతటా పనిచేసే విష నివారణ కేంద్రం అది. ఇంగ్లిష్ తడబడుతుందనుకుంటే దుబాసీని అడగండి, ఏర్పాటు చేస్తారు.

దుబాయిలో ఉన్నా, దోహాలో ఉన్నా, డాలస్‌లో ఉన్నా దుకాణాల్లో ఈ అర ఉంటుంది. చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి కానీ పాదరసం, సీసం ఎక్కడైనా ఒక్కటే. కష్టపడి సంపాదించిన డబ్బు పోసి కొనేది మనం. కాబట్టి అడిగే హక్కూ మనదే. దుకాణం యజమాని మనవాడైతే ఇంకా మంచిది. 'అన్నా, దీని మీద పదార్థాలు రాయలేదేంటి?' అని నలుగురు అడిగితే, ఐదోసారి ఆ సరుకు తెప్పించేముందు ఆయనే ఆలోచిస్తాడు.